సర్ వాల్టర్ ఇలియట్: నాణెముల ప్రామాణ్య విచారము

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతీయులకు వరహా అన్న మాట అపరిచితం కాదు. శ్రీకృష్ణదేవరాయలు అహోబల స్వామికి సమర్పించిన కానుకలలో ఆభరణములతోపాటు వరహాలు కూడ ఉన్నవని అచటి శాసనం తెలుపుతున్నది. చాళుక్యుల వరాహలాంఛనం నుండి ఈ పేరు ఏర్పడినదని విద్వాంసుల అభిప్రాయం. అట్టి ప్రాచీన నాణెంపై బొమ్మగాని అక్షరంగాని జంటగా కనిపించినప్పుడు కొందరు దానిని అపూర్వమని కొనియాడుతారు. మరికొందరు కృత్రిమమని త్రోసివేస్తారు. రెండూ తొందరపాటు నిర్ణయాలే. దక్షిణభారత నాణెముల అధ్యయనానికి పునాది వేసినవారిలో ముఖ్యుడైన సర్ వాల్టర్ ఇలియట్ జీవితం ఈ విషయంలో మనకు మార్గదర్శకం.

ఇలియట్ 1803 జనవరి 16న ఎడింబరోలో జన్మించారు. హెయిలీబరీ కళాశాలలో చదివి, 1821లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా మద్రాసు చేరారు. ధార్వాడ ప్రాంతంలో పనిచేస్తుండగా 1824 నాటి కిత్తూరు తిరుగుబాటులో కొన్ని వారాలు బందీగా గడిపారు. ఆ కన్నడసీమలోనే వందలకొలది శాసనాల ప్రతులు సేకరించి, వాటి ఆధారంగా చాళుక్యాది రాజవంశాల చరిత్రను 1837లో ప్రకటించారు. 1845లో గుంటూరు సీమకు వచ్చి, అమరావతి స్తూపం వద్ద త్రవ్వకాలు జరిపించారు. 1854 వరకు ఉత్తర సర్కారుల కమిషనరుగా ఉన్నారు. 1858 ప్రాంతంలో మద్రాసు సాహిత్య విజ్ఞాన పత్రికలో నాణెములపై వ్యాసాలు వెలువరించారు. శాసనాలు తేల్చిన వంశక్రమాన్ని దగ్గర పెట్టుకొని నాణెమును చదవడం ఆయన మార్గం.

ఆ మార్గంలో మొదటి ప్రశ్న నాణెం ఎట్లు తయారైనదన్నది. రాజరాజనరేంద్రుని (1022-1061) పలుచని బంగారు నాణెములనే చూడవచ్చును. వాటి నడుమ వరాహముద్ర, చుట్టును రాజనామాక్షరములు వేర్వేరు ముద్రలతో కొట్టబడినవి. కనుక ఒక అక్షరం ఒరిగినా, ప్రక్క ముద్రపైకి ఎక్కినా అది నిర్మాణపద్ధతికి సహజమే. విజయనగర వరహాలు రెండు అచ్చుల నడుమ సుత్తిదెబ్బతో తయారైనవి. రెండు దెబ్బల మధ్య బిళ్ళ కదలినచో బొమ్మ రెండుమారులు పడుతుంది. మొదటిది రెండవదాని క్రింద అణగిపోతుంది. ఈ తొలగుదల ఏ నాణెమునకు ఆ నాణెముననే వేరు. అచ్చులోనే జంటరేఖ చెక్కబడి ఉన్నచో, ఆ అచ్చున పడిన నాణెములన్నిటను అది అదే చోట కనిపిస్తుంది.

తాళపత్ర పరిష్కర్తలకు ఇది సుపరిచితమైన న్యాయం. ఒక ప్రతిలో అక్షరం రెండుమారులు వ్రాయబడినచో అది లేఖక ప్రమాదం. అదే ప్రమాదం, అవే కొట్టివేతలు రెండు ప్రతులలో ఉన్నచో ఆ రెండింటికి మూలం ఒకటే. అట్లే కదలిక వలన ఏర్పడిన జంటముద్ర, గీతలు, అంచు ఆకారం రెండు నాణెములలో అచ్చముగా ఒక్కటైనచో పోత నకలును శంకింపవలెను. ఏ సుత్తిదెబ్బయు రెండుమారులు ఒకే తీరున పడదు. పిమ్మట సూక్ష్మరంధ్రములు, మొద్దుబారిన అక్షరముల అంచులు, అంచున ఆకురాతితో అరగదీసిన జాడలు వెదకవలెను. తూకమును, లిపిని శాసనకాలముతో సరిచూడవలెను. జంటముద్ర ఒక్కటే ఏ నిర్ణయమునకూ చాలదు.

దొంగ నాణెమును నమ్మినచో లేని పాలనాసంవత్సరం చరిత్రలో చేరుతుంది. నిజమైనదానిని త్రోసివేసినచో ఉన్న సాక్ష్యం నశిస్తుంది.

స్వదేశానికి వెళ్లిన పిమ్మట ఇలియట్ చూపు క్రమంగా సన్నగిల్లి, చివరి సంవత్సరాలలో దాదాపు పోయినది. అయినను దక్షిణభారత నాణెములపై ఆయన గ్రంథం 1886లో వెలువడినది. 1887 మార్చి 1న ఆయన కన్నుమూశారు. కంటితో మాత్రమే నాణెమును చూచినవారికి ఆ గ్రంథరచన అసాధ్యమై ఉండేది. శాసనములతో, లిపితో, లోహంతో అరవై ఏండ్లుగా పెనవేసికొన్న పరిచయమే ఆయనకు చూపైనది.