ప్రతి వారము క్రొత్తదైన వాక్యము
(ఆచార్యుడైన రాషీ జీవిత వృత్తాంతము)

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 6:4–9, లూకా 4:16–21, అపొస్తలుల కార్యములు 15:21.



మన ప్రభువు తాను పెరిగిన నజరేతునకు వచ్చినప్పుడు, విశ్రాంతిదినమున సమాజమందిరమునకు వెళ్లి గ్రంథము చదువుటకు నిలిచెనని లూకా వ్రాసియున్నాడు. పౌలు పిసిదియలోని అంతియొకయకు వచ్చినప్పుడు, అచ్చటి సమాజమందిరములో ధర్మశాస్త్రమును ప్రవక్తల లేఖనములను చదివిన తరువాతనే ఆయనను మాటలాడుమని అడిగిరి. మోషే గ్రంథము ప్రతి విశ్రాంతిదినమున చదువబడుచున్నదని యాకోబు యెరూషలేము సభలో జ్ఞాపకము చేసెను.

ఆ చదువు నేటివరకు ఆగలేదు. యూదులు మోషే వ్రాసిన అయిదు గ్రంథములను 54 భాగములుగా ఏర్పరచుకొని వారము వారము చదువుదురు. పర్ణశాలల పండుగ ముగియగానే ద్వితీయోపదేశకాండపు చివరి మాటలు చదివి, ఆ దినముననే ఆదికాండము మరల మొదలుపెట్టుదురు. సంవత్సరము తిరిగి వచ్చునప్పటికి అయిదు గ్రంథములును పూర్తియగును.

ఏటేటా అదే చదువు. పదిమార్లు, ఇరువదిమార్లు విన్న మాట చెవికి పాతబడదా? మన పొలములోనైనను ఏటేటా అదే దుక్కి, అదే విత్తు. అయినను ఏ సంవత్సరపు వాన ఆ సంవత్సరపుదే. పాత చేనులో క్రొత్త పంట పండించుట వ్యవసాయకుని పని. పాత లేఖనములో నేటి మాట వినిపించుట బోధకుని పని. ఆ పనిని తొమ్మిది వందల సంవత్సరములకు పూర్వము నమ్మకముగా చేసిన ఒక యూదు బోధకుని జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాను.

ఆయన పేరు షెలోమో, అనగా మన బైబిలులోని సొలొమోను అను పేరే. తండ్రి పేరు ఇస్సాకు. రబ్బీ అను బిరుదుతో ఆ పేర్ల మొదటి అక్షరములను చేర్చి జనులు ఆయనను రాషీ అని పిలిచిరి. ఆయన 1040వ సంవత్సరములో ఫ్రాన్సు దేశపు ఉత్తరభాగములోని త్రువా అను పట్టణములో పుట్టెను. అది షాంపేను సీమలో వర్తకులు కూడుకొను ఊరు. అక్కడ యూదుల కుటుంబములు కొద్దిగానే ఉండెను.

యౌవనములో ఆయన చదువుకొరకు జర్మనీలో రైను నది ఒడ్డుననున్న మైంజ్, వర్మ్స్ పట్టణములకు వెళ్లెను. అక్కడి ఆచార్యులలో యాకోబు బెన్ యాకారు అనునతనిని ఆయన తన జీవితమంతయు భక్తితో తలంచుకొనెను. అవి సుఖమైన దినములు కావు. రొట్టెకును బట్టకును కరవై, మెడకు తిరుగటిరాయి కట్టినట్టి భారముతో తాను చదువుకొంటినని ఆయనయే తరువాత వ్రాసికొనెను. అప్పుచేసి బిడ్డలను చదివించుచున్న తలిదండ్రులకును, హాస్టలులో సగము కడుపుతో చదువుచున్న బిడ్డలకును ఈ మాట అర్థమగును.

చదువు ముగించి, ఇంచుమించు ముప్పది సంవత్సరముల ప్రాయములోపల ఆయన స్వగ్రామమునకు తిరిగి వచ్చి అక్కడనే పాఠశాల స్థాపించెను. ద్రాక్షతోటలు సాగుచేసి జీవించెనని పెద్దల వాడుక. ఆయనకు కుమారులు లేరు. యోకెబెదు, మిర్యాము, రాహేలు అను ముగ్గురు కుమార్తెలుండిరి. అల్లుండ్రును మనుమలును ఆయన శిష్యులై పేరుపొందిన పండితులైరి. కుమారులు లేరని దిగులుపడు ఇండ్లు మన గ్రామములలో ఇంకను ఉన్నవి. ఈయన విద్య కుమార్తెల ఇండ్లలోనే వర్ధిల్లెనని వారు తెలిసికొందురు గాక.

ఆయన చేసిన గొప్ప పని లేఖన వ్యాఖ్యానము. తల్మూదు అను యూదుల పెద్ద గ్రంథములో చాల భాగమునకును ఆయన వ్యాఖ్య వ్రాసెను. అయితే సామాన్యుల ఇండ్లలో ప్రవేశించినది మోషే గ్రంథముల వ్యాఖ్యయే. ఆ వారపు భాగమును ప్రతివాడును ముందుగా చదివి సిద్ధపడవలెనని యూదుల ప్రాచీన నియమము: మూలమును రెండుసార్లు, అరామిక భాషాంతరమును ఒకసారి. భాషాంతరమునకు బదులు రాషీ వ్యాఖ్యను చదివినను చాలునని తరువాతి పెద్దలు ఒప్పుకొనిరి. అంతటి గౌరవము ఆ వ్యాఖ్యకు కలిగెను.

దానికి కారణమేమి? ఆయన తన పాండిత్యము చూపుటకు వ్రాయలేదు. చదువువాడు ఎక్కడ తడబడునో అక్కడ మాత్రమే ఆగి, నాలుగు మాటలలో దారి చూపి ముందుకు సాగెను. హెబ్రీ మాట కఠినమైనచో, తన ఊరివారు సంతలోను ఇంటిలోను వాడుకొను ఫ్రెంచి మాటను హెబ్రీ అక్షరములలో ప్రక్కన వ్రాసెను. బైబిలు, తల్మూదు వ్యాఖ్యలు రెంటిలో కలిపి అట్టి మాటలు మూడువేలకు పైగా ఉన్నవి. ఆ కాలపు ఫ్రెంచి భాష ఎట్లుండెనో తెలిసికొనుటకు పండితులు నేటికిని ఆ మాటలను వెదకుచున్నారు.

వారపు పాఠము బ్రదుకులోనికి ఎట్లు వచ్చునో చూపుటకు ఆయన వ్యాఖ్యనుండి రెండు సంగతులు చెప్పెదను. రెండును ఆయన పూర్వికుల బోధలనుండి ఏరి తీసికొనినవి.

నోవహు పాఠము చదువు వారములో బాబెలు గోపుర వృత్తాంతము వచ్చును. దేవుడు ఆ పట్టణమును చూచుటకు దిగివచ్చెనని అక్కడ ఉన్నది. సమస్తము ఎరిగిన దేవుడు దిగివచ్చి చూడవలసిన పని యేమి? న్యాయము తీర్చువారు తామే చూచి గ్రహించువరకు ఎవనిని దోషియని తీర్పు చేయరాదని నేర్పుటకే అట్లు వ్రాయబడెనని రాషీ చెప్పుచున్నాడు. సంఘపు పెద్దలారా, ఒకని మీద ఫిర్యాదు వచ్చినప్పుడు మనము ఏమి చేయుచున్నాము? గుడి వరండాలో కూర్చుండియే పేరు కొట్టివేయుచున్నామా, లేక వాని ఇంటికి నడిచి వెళ్లి చూచుచున్నామా?

లేవీయకాండము 19వ అధ్యాయము చదువు వారములో, గ్రుడ్డివాని యెదుట అడ్డము వేయకూడదను ఆజ్ఞ వచ్చును. కన్నులు లేనివానికి రాయి అడ్డము పెట్టునంతటి దుష్టుడు ఏ ఊరిలో నుండును? మనకు ఈ ఆజ్ఞతో పనిలేదని దాటిపోవచ్చును. రాషీ దాటిపోనియ్యడు. ఒక సంగతి తెలియనివాడు ఆ సంగతిలో గ్రుడ్డివాడే. నీవు వాని పొలము కాజేయవలెనని లోపల తలంచుకొని, పొలము అమ్మి గాడిదను కొనుక్కొమ్మని వానికి హితము చెప్పినయెడల, అదియే గ్రుడ్డివాని యెదుట వేసిన అడ్డమని ఆయన వివరించెను.

ఈ మాట మన ఊరికి ఎంత దగ్గర! గాడిదకు బదులు మోటారుబండి అనుకొనుడి. చదువురాని పొరుగువాని చేత వ్రేలిముద్ర వేయించు కాగితము, ముసలితల్లి చదువలేని బ్యాంకు పుస్తకము, ఆమె ఫోనులో వచ్చిన సంఖ్యను అడిగి తెలిసికొను మోసగాని తీయని మాట — ఇవన్నియు ఆ అడ్డములే. ప్రాచీనమైన ఆజ్ఞ ఆ వారమే మన వీధిలోనికి నడిచి వచ్చినది.

ఇక నన్ను మిక్కిలి గద్దించిన సంగతి చెప్పెదను. ఆదికాండము 28వ అధ్యాయము 5వ వచనములో రిబ్కాను యాకోబు ఏశావుల తల్లియని లేఖనము మరల చెప్పుచున్నది. చదువువానికి అది అప్పటికే తెలిసిన సంగతి. మరల ఎందుకు చెప్పవలెను? ఇది మనకు ఏమి నేర్పుచున్నదో తనకు తెలియదని రాషీ అక్కడ వ్రాసెను. ఆ వచనము దగ్గర ఏమియు వ్రాయక ఊరకొనినయెడల ఆయనను అడుగువారు లేరు. అయినను ఊరకొనక, నాకు తెలియదని వ్రాసి అందరి యెదుట ఉంచెను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఆరాధన ముగిసిన తరువాత ఒక వృద్ధురాలు నా యొద్దకు వచ్చెను. ఎదిగిన కుమారుని పోగొట్టుకొనిన తల్లి ఆమె. యోబునకు మరల పిల్లలు పుట్టిరని ఆనాడు చదివితిమి. క్రొత్త పిల్లలు పుట్టినంతమాత్రమున చచ్చిన పిల్లల దుఃఖము ఆ తల్లికి తీరెనా అయ్యగారూ అని ఆమె అడిగెను. సెమినరీలో నేర్చుకొనిన మాటలేవో కూర్చి నేను జవాబు చెప్పితిని. ఆమె తల ఊపి, చెంగు సర్దుకొని వెళ్లిపోయెను. నా జవాబు ఆమెకు చాలలేదని నాకును తెలియును. తెలియదమ్మా అని చెప్పి ఆమె ప్రక్కన కొంతసేపు కూర్చుండియున్నయెడల ఎంత మేలై యుండెడిది! ఆమె ఇప్పుడు ప్రభువునందు నిద్రించుచున్నది. అంత గొప్ప ఆచార్యునికి తెలియదను మాట వ్రాయుటకు సిగ్గు లేకపోయెను. నాకు పలుకుటకు సిగ్గాయెను.

రాషీ వృద్ధాప్యములో గొప్ప శ్రమ సంభవించెను. 1095వ సంవత్సరములో ఉర్బను అను రెండవ పోపు ఫ్రాన్సులో పిలుపునియ్యగా, యెరూషలేమును పట్టుకొనుటకు సైన్యములు బయలుదేరెను. వారు బట్టలమీద సిలువ గుర్తు కుట్టుకొనిరి. 1096 వసంతకాలములో వారిలో కొన్ని గుంపులు రైను తీరమందలి యూదుల మీద పడెను. స్పైయరులో అక్కడి బిషపు అనేకులను కాపాడెను. వర్మ్స్, మైంజ్ పట్టణములలో వందలకొలది పురుషులు, స్త్రీలు, పిల్లలు చంపబడిరి. కొందరు బలవంతముగా బాప్తిస్మము పొందిరి. రాషీ చదువుకొనిన ఊళ్లు అవి.

సహోదరులారా, ఇది చదివి మనము తల వంచుకొనవలెను. మన రక్షకుడు మోసిన సిలువను గుర్తుగా పెట్టుకొనినవారే, ఆయన శరీరరీత్యా పుట్టిన జనమును చంపిరి. అది ఎవరో చేసిన పని, మనకేమి అని త్రోసివేయరాదు.

అట్టి బలవంతముచేత విశ్వాసము విడిచి, తరువాత పశ్చాత్తాపముతో తిరిగి వచ్చినవారిని గూర్చి రాషీని అడిగిరి. వారిని వేరుగా ఉంచవలెనా? వారు ముట్టిన ద్రాక్షారసమును త్రాగవచ్చునా? ఆయన కనికరముతో తీర్పు చెప్పెను. పాపము చేసినను ఇశ్రాయేలీయుడు ఇశ్రాయేలీయుడే. వారి హృదయము దేవుని తట్టే యున్నది. వారిని వెలివేసి సిగ్గుపరచరాదు. కత్తికి లొంగనివారి గోరీలు ఎదుట ఉన్న జనమునకు ఇట్టి మాట చెప్పుట సులభము కాదు.

మన సంఘములలోను, కష్టకాలములో పడిపోయి, మరల వచ్చి వెనుక చాపమీద కూర్చుండువారున్నారు. వారు లోపలికి వచ్చినప్పుడు మన చూపు ఎట్లున్నది?

రాషీ 1105వ సంవత్సరములో మరణించెను. ఆయన మనుమడైన సమూయేలు ఒక సంగతి వ్రాసి ఉంచెను. తాతతో తాను లేఖనార్థమును గూర్చి వాదించుచుండగా, దినదినము క్రొత్తగా బయలుపడుచున్న సరళార్థముల ప్రకారము మరల వ్యాఖ్యలు వ్రాయవలసియున్నదనియు, తీరిక దొరకినయెడల వ్రాయుదుననియు తాత ఒప్పుకొనెనట. జీవితమంతయు వ్రాసిన గ్రంథమును మనుమని మాట విని మరల వ్రాయుటకు సిద్ధపడిన వృద్ధుడు!

ఆయన మాట ఆయనతో చావలేదు. తేదీ వేసి అచ్చువేయబడి మనకు తెలిసియున్న హెబ్రీ పుస్తకములలో మొదటిది, 1475లో ఇటలీలోని రెజ్జో పట్టణమున వెలువడిన రాషీ పంచకాండ వ్యాఖ్యయే. అంతకు ముందే నికొలాసు దె లీరా అను క్రైస్తవ సన్యాసి తన బైబిలు వ్యాఖ్యలో రాషీనుండి విస్తారముగా తీసికొనెను. ఆ లీరా గ్రంథమును మార్టిన్ లూథరు వాడుకొనెను. ఈ విధముగా రాషీ దీపపు వెలుగు ప్రొటెస్టెంటుల ఇంటిలోనికిని వచ్చినది. అదే లూథరు 1543లో యూదులమీద క్రూరమైన పుస్తకము వ్రాసెననుటయు సత్యము. వర్మ్స్ పట్టణపు ప్రాచీన సమాజమందిరము 1938 నవంబరులో నాజీల దౌర్జన్యములో కాల్చబడెను. 1961లో అది మరల కట్టబడి ప్రతిష్ఠింపబడెను.

చివరి మాట. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో మోషే ఆజ్ఞలను నేడు ఇచ్చుచున్నానని చెప్పుచున్నాడు. ఆ ‘నేడు’ అను మాటయొద్ద రాషీ ఆగెను. దేవుని ఆజ్ఞ ఎవరును లక్ష్యపెట్టని పాత రాజు శాసనమువలె ఉండరాదు. క్రొత్తగా వచ్చిన శాసనమును వినుటకు జనులు ఎదురుగా పరుగెత్తునట్లు ఉండవలెనని ఆయన వివరించెను. నజరేతులో మన ప్రభువు యెషయా గ్రంథము చదివి చుట్టి ఇచ్చిన తరువాత పలికిన మొదటి మాటయు ‘నేడు’ అనునదే. ఆ లేఖనము తనయందే నెరవేరెనని మనము విశ్వసించుచున్నాము. కావున రాబోవు ఆదివారపు పాఠమును శనివారము రాత్రియే ఇంటిలో చదువుడి. చదువురానివారికి బిడ్డలు చదివి వినిపింపవలెను. ఈ వారము మన ఇంటిలో ఏ పనికి ఈ మాట వచ్చినదని ఒకరినొకరు అడుగుడి. తెలియనిచోట తెలియదని చెప్పుడి.

ప్రార్థన: దయగల తండ్రీ, మా పితరులు నీ ప్రాచీన జనమునకు చేసిన కీడును క్షమించుము. చూడక తీర్పు తీర్చు మా నోటిని, తెలియనివానిని మోసగించు మా చేతిని ఆపుము. తిరిగి వచ్చువారికి మా ప్రక్కన చోటియ్య నేర్పుము. నీ వాక్యమును ప్రతి వారము క్రొత్తదిగా విను చెవి మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.