అయ్యగారి సాంబశివరావు: స్వదేశ గణనయంత్ర నిర్మాత

హనుమంతునిపాడు, కనిగిరి, గిద్దలూరు ప్రాంతముల పాఠశాలలలో అనేక తరముల బాలబాలికలు కూడికలు నేర్చినది మార్కాపురపు రాతిపలక మీదనే. ఆ రాయి ఇచటి గనులలోనిది. దానిని పలుచగా చీల్చుట, నునుపు చేయుట, చట్రము బిగించుట ఇచటివారి చేతులకు తెలిసిన విద్య. ఒక పలక విరిగినచో మరియొకటి చేయుటకు పరదేశపు అనుమతి అక్కర లేదు. లెక్కలు పలకను దాటి విద్యుద్యంత్రములోనికి ప్రవేశించిన పిమ్మట, ఆ యంత్రమును గూడ మనవారు ఇట్లే మొదలంట ఎరుగగలరా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటలోనే జీవితమును వెచ్చించిన ఆంధ్రుడు అయ్యగారి సాంబశివరావు.

ఆయన 1914 సెప్టెంబరు 20వ తేదీన, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామమున, కలిమి లేని కుటుంబములో జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదివి ఎం.ఎస్‌సి. పట్టము పొంది, అచటనే అధ్యాపకులుగా పనిచేసిరి. 1946లో టాటా విద్యార్థి వేతనము లభించుటచే అమెరికాకు పోయి, స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్యుత్ సాంకేతికశాస్త్రము అభ్యసించిరి. స్వదేశమునకు మరలివచ్చి, హోమీ భాభా నాయకత్వమున సాగుచున్న అణుశక్తి పరిశోధనలో చేరిరి.

పరిశోధనకు వలసిన సున్నితమైన కొలత పరికరములను విదేశములనుండి తెప్పించుకొనుట ఆనాటి వాడుక. కాని కొన్న పరికరము చెడినపుడు మరల అమ్మినవాని ముఖమే చూడవలెను. అతడు నిరాకరించినచో పరిశోధన ఆగిపోవును. అందుచేత సాంబశివరావుగారు, వారి సహచరులు ట్రాంబేలో వికిరణమును కొలుచు సాధనములను తామే నిర్మింపసాగిరి. 1956 ఆగస్టు 4వ తేదీన పనిచేయ నారంభించిన అప్సర అణురియాక్టరునకు నియంత్రణ పరికరములు సమకూర్చినది ఆయన నడిపిన బృందమే.

1962 నాటి చైనా యుద్ధము దేశమునకు కఠినమైన పాఠము నేర్పెను. రక్షణకు, వార్తాప్రసారమునకు వలసిన ఎలక్ట్రానిక్ సాధనములకై పరులమీద ఆధారపడుట ఎంత ప్రమాదమో తెలిసివచ్చెను. 1963లో ప్రభుత్వము భాభా అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. విక్రం సారాభాయి, మన సూరి భగవంతముగారు, సాంబశివరావుగారు అందలి సభ్యులు. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదమున మరణించినను ఆ సంఘపు నివేదిక నిలిచెను. 1967 ఏప్రిల్ 11వ తేదీన హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్., స్థాపితమయ్యెను. దాని తొలి సారథి సాంబశివరావుగారే.

1969లో ట్రాంబే డిజిటల్ కంప్యూటరు వెలువడెను. టి.డి.సి.-12 అను పేరులోని పన్నెండు, ఆ యంత్రము ఒక్కసారిగా గ్రహించు సున్నల, ఒకట్ల సంఖ్య. ట్రాంబేలో రూపకల్పన పొంది ఇ.సి.ఐ.ఎల్. ద్వారా తయారైన ఆ యంత్రమునకు తరువాత టి.డి.సి.-312, టి.డి.సి.-316 అను తమ్ములు పుట్టిరి. విశ్వవిద్యాలయములు, పరిశోధనాలయములు వానిని ఉపయోగించెను.

ఇందులోని విశేషము తెలియుటకు ఆనాటి మరియొక మార్గమును చూడవలెను. అమెరికా సంస్థయైన ఐ.బి.ఎం.కు బొంబాయిలో కర్మాగారము ఉండెను. ఇతర దేశములలో వాడుక తీరిన 1401 తరగతి యంత్రములను అచట బాగుచేసి మన సంస్థలకు అద్దెకిచ్చెడివారు. పని ఇచటిది, రూపకల్పన అచటిది. విదేశీ వాటాను తగ్గించుకొనుమన్న 1973 నాటి చట్టమునకు అంగీకరింపక ఆ సంస్థ 1978లో దేశమును విడిచిపోయెను.

కెమెరాల చరిత్రయు ఇట్టిదే. జర్మనీలో పేరెన్నికగన్న రోలై సంస్థ, స్వదేశపు కూలి భారమును తప్పించుకొనుటకు 1970 దశకారంభమున సింగపూరులో కర్మాగారము నెలకొల్పెను. 1981లో సంస్థ కుప్పకూలగా ఆ కర్మాగారము మూతపడి, వేలాది కార్మికులు పనిని కోల్పోయిరి. కాని అచటి శిక్షణాలయమున పనిముట్ల విద్య నేర్చిన యువకుల నైపుణ్యము ఆ దేశముననే మిగిలెను. యంత్రశాల తరలిపోవచ్చును; నేర్చిన విద్య నేర్చినవానితోనే ఉండును.

సాంబశివరావుగారి ప్రయత్నము లోపములు లేనిదని చెప్పరాదు. టి.డి.సి. యంత్రములలోని భాగములు కొన్ని విదేశములనుండియే వచ్చెడివి. ప్రపంచములో సూక్ష్మ సాధనములు ఏటేట మారుచుండగా ఒక ప్రభుత్వ సంస్థ ఆ వేగమును అందుకొనలేకపోయెను. 1984లో కంప్యూటరు దిగుమతులకు ద్వారములు తెరచిన పిమ్మట చవుకయైన చిన్న యంత్రములు విపణిని ఆక్రమించెను. అయినను ఇ.సి.ఐ.ఎల్.లో కుదురుకొన్న విద్య వృథా కాలేదు. టెలివిజనులు, అణు విద్యుత్కేంద్రముల నియంత్రణ వ్యవస్థలు, తరువాత ఓటింగు యంత్రములు అచటినుండి వెలువడెను.

ప్రభుత్వము ఆయనకు 1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణ్ బిరుదములనిచ్చి గౌరవించెను. 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమానము లభించెను. 2003 అక్టోబరు 31వ తేదీన ఆయన పరమపదించిరి. హైదరాబాదులోని ఎ.ఎస్. రావు నగర్ పేరు ఆయనదే. ఆ బస్సు ఎక్కువారిలో ఆ రావుగారెవరో ఎరిగినవారు ఎందరో చెప్పజాలము.

నేడు కెమెరా, కంప్యూటరు ఒక్క ఫోనులోనే ఇమిడియున్నవి. 2015 నుండి మన శ్రీసిటీలోనే చైనా సంస్థయైన షియోమీ ఫోనుల కూర్పు ఆరంభమయ్యెను. ఇది మేలే, వేలాది ఇండ్లలో పొయ్యి వెలుగుటకు ఆ పని తోడ్పడినది. కాని భాగములను బిగించు చేతికి, ఆ భాగము అట్లేల ఉన్నదో అడుగు బుద్ధి తోడు కావలెను. ఆ ప్రశ్న అడుగుట యంత్రశాలలో కాదు, బడిలో నేర్పవలసిన విద్య. పశ్చిమ ప్రకాశపు ఉపాధ్యాయుడు చెడిన రేడియోను విప్పి పిల్లలకు చూపినపుడు, సాంబశివరావుగారు ట్రాంబేలో ఆరంభించిన పనినే ఆయనయు చేయుచున్నట్లు.