తమ్ముడి పుస్తకమే అక్కకు బడి

పిల్లలూ! మన బడిలో తెలుగు చదివేవాళ్లు కొద్దిమందే. నాన్నగారికో అమ్మగారికో బదిలీ ఆర్డరు రాగానే ఆ కొద్దిమందిలోనూ ఇద్దరు ముగ్గురు వెళ్లిపోతారు. కొత్త ఊళ్లో తెలుగు టీచరు ఉంటారో ఉండరో తెలియదు. ట్యూషన్ పెట్టించుకుందామంటే అన్ని ఇళ్లలోనూ అంత వెసులుబాటు ఉండదు. మరి తెలుగు ఎలా నేర్చుకోవాలి? నాలాగే ఊళ్లు మారుతూ వచ్చిన టీచర్లందరికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. దీనికి నూట ముప్పై ఏళ్ల కిందటే ఒక అక్కా తమ్ముడూ జవాబు చెప్పారు. అక్క పేరు భండారు అచ్చమాంబ. తమ్ముడి పేరు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు.

అచ్చమాంబ 1874లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. ఇప్పుడు ఆ ఊరు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. ఆమెకు ఆరేళ్ల వయసులో తండ్రి చనిపోయారు. తమ్ముడికి అప్పటికి మూడేళ్లు. ఆ రోజుల్లో ఆడపిల్లను బడికి పంపే ఇళ్లు చాలా తక్కువ. అచ్చమాంబకూ బడి చదువు దక్కలేదు. పదేళ్లకే పెళ్లి చేశారు. భర్త భండారు మాధవరావు గారు ఉద్యోగరీత్యా మధ్యపరగణాలలో ఉండేవారు. నాగపూర్, బిలాస్‌పూర్ వంటి ఊళ్లు ఆ పరగణాలలోవే. పెనుగంచిప్రోలు పిల్ల చుట్టూ ఎటు చూసినా హిందీ, మరాఠీ మాటలే. మీలో చాలామందికి ఈ అనుభవం కొత్త కాదు కదా!

కొన్నాళ్లకు తమ్ముడు లక్ష్మణరావు చదువు కోసం అక్కగారింటికి వచ్చారు. నాగపూర్‌లో బడిలో చేరారు. అక్క చదువు కూడా ఇక్కడే మొదలైంది. తమ్ముడు బడిలో నేర్చుకున్నది ఇంటికి వచ్చి అక్కకు చెప్పేవాడు. అక్క అతని పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకునేది. తొలిరోజుల్లో ఆమె చదువుకు ఇంట్లో పెద్దగా ప్రోత్సాహం లేదు. ఇంటిపని తెమిలాక దొరికిన సమయమే ఆమెకు తరగతి, తమ్ముడే గురువు.

ఈ బడికి ఎంత ఖర్చయిందో లెక్క వేయండి. అక్క కోసం విడిగా జీతం కట్టలేదు, మాస్టారిని పెట్టలేదు. ఒక పిల్లవాడి చదువుకు పెట్టిన ఖర్చుతో ఇద్దరు చదువుకున్నారు. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. పాఠం విన్నవాడు సగం మరిచిపోవచ్చు, కానీ ఇంటికి వెళ్లి ఇంకొకరికి చెప్పాలనుకున్నవాడు మరింత శ్రద్ధగా వింటాడు. చెప్పేటప్పుడు తనకు ఎక్కడ అర్థం కాలేదో తనకే తెలిసిపోతుంది. అక్కకు నేర్పడం వల్ల తమ్ముడి చదువు కుంటుపడలేదు. లక్ష్మణరావు 1900లో ఎం.ఏ. పూర్తి చేశారు. మరాఠీలో వ్యాసాలు రాసేంతగా ఆ భాష నేర్చుకున్నారు. తెలుగునూ వదలలేదు.

అచ్చమాంబ తెలుగుతో ఆగలేదు. హిందీ, మరాఠీ నేర్చుకున్నారు. తర్వాత బెంగాలీ, గుజరాతీ కూడా నేర్చుకున్నారు. సంస్కృతంలోనూ కొంత పరిచయం సంపాదించారు. పరాయి ఊరు తన భాషను మరిపిస్తుందని ఆమె భయపడలేదు. చుట్టూ వినబడే భాషలను కూడా పుస్తకాల్లాగే వాడుకున్నారు. కూరగాయల బండి దగ్గర, ఆటస్థలంలో గుజరాతీ వింటూ పెరుగుతున్న మీకు ఆ అవకాశం సూరత్‌లో రోజూ ఉంది.

ఆ కాలంలో ఆడవారికి తెలివి తక్కువనీ, చదివితే చెడిపోతారనీ చాలామంది అనేవారు. ఆ మాట తప్పని చూపించాలని అచ్చమాంబ పూనుకున్నారు. మన దేశ చరిత్రలోని గొప్ప స్త్రీల జీవితాలను ఏర్చి కూర్చి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అనే పుస్తకం రాశారు. దాని మొదటి భాగాన్ని కందుకూరి వీరేశలింగం గారు 1901లో ప్రచురించారు. బడి గడప తొక్కని మనిషి రాసిన చరిత్ర పుస్తకం అది!

1902 నవంబరులో ‘హిందూ సుందరి’ పత్రికలో ఆమె కథ ‘ధనత్రయోదశి’ వచ్చింది. ఒక వ్యాపారి దగ్గర పనిచేసే పేద గుమస్తా, అతని భార్య ఇందులో ముఖ్యులు. పండగ పూట చేతిలో డబ్బు లేక భర్త తప్పుదారి పట్టబోతే భార్య అతన్ని నిలబెడుతుంది. ధనతేరస్ నాడు సూరత్ బజార్లు ఎలా వెలిగిపోతాయో మీకు తెలుసు. ఆ వెలుగుల మధ్య ఖాళీ జేబుతో నిలబడ్డ మనిషి మనసు ఎలా ఉంటుందో ఊహించి చూడండి, ఆ కథ మీకు ఇట్టే అర్థమవుతుంది. గురజాడ వారి ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. దానికన్నా ముందే వచ్చిన ఈ కథనే తెలుగులో మొదటి కథగా చెప్పాలని చాలామంది విమర్శకులు అంటారు.

అచ్చమాంబ తాను నేర్చుకున్నది తన దగ్గరే దాచుకోలేదు. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. ఆంధ్రదేశంలో ఊరూరా తిరిగి స్త్రీల సమాజాలు పెట్టించారు, చదువు గురించి మాట్లాడారు. ఆమెకు పుట్టిన బిడ్డలు పసితనంలోనే పోయారు. అంత దుఃఖంలోనూ దిక్కులేని పిల్లలను ఇంటికి తెచ్చి పెంచారు, వాళ్లకు చదువు చెప్పించారు. ఒకప్పుడు తమ్ముడి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకున్న అక్క ఇల్లే ఇప్పుడు నలుగురు పిల్లలకు ఆసరా అయింది.

1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు దేశమంతా పాకింది. అప్పటికి దానికి సరైన మందు లేదు. 1994లో సూరత్‌లో ప్లేగు అనగానే లక్షలమంది ఊరు విడిచి వెళ్లిపోయారని మీ ఇరుగుపొరుగు పెద్దలు చెబుతారు. మందులున్న రోజుల్లోనే అంత భయం! మందు లేని రోజుల్లో అచ్చమాంబ ప్లేగు రోగుల దగ్గర కూర్చుని సేవ చేశారు. ఆ సేవలోనే జబ్బుపడి 1905 జనవరిలో బిలాస్‌పూర్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆమెకు నిండా ముప్పై ఒక్క ఏళ్లు లేవు. రత్నమాల తర్వాతి భాగాలు పూర్తికాకుండానే ఆగిపోయాయి.

తమ్ముడి పని మాత్రం సాగింది. లక్ష్మణరావు 1901లోనే మిత్రులతో కలిసి హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం స్థాపించారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, విజ్ఞాన శాస్త్ర పుస్తకాలను తెలుగులో తెచ్చారు. తర్వాత తెలుగులో విజ్ఞాన సర్వస్వం రాయించే పెద్ద పనికి పూనుకున్నారు. 1923లో చనిపోయేదాకా ఆయన చేసిందంతా ఒకటే పని: తనకు తెలిసింది తెలియనివారికి తెలుగులో చెప్పడం. ఆ పనిలో ఆయన మొదటి శిష్యురాలు అక్కే.

మన సూరత్‌లో తెలుగువారు తక్కువేమీ కాదు. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీ కుటుంబాలు మగ్గాల పనితో ఇక్కడే స్థిరపడ్డాయి. నగరపాలిక తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. అయితే మీరు వచ్చే ఏడాది ఏ ఊళ్లో ఉంటారో ఎవరు చెప్పగలరు? అందుకే బడి దొరికినా దొరకకపోయినా జరిగే చదువు ఒకటి ఇంట్లో ఉండాలి. ఏడో తరగతి అక్క రెండో తరగతి తమ్ముడికి రోజుకు పది నిమిషాలు ఒత్తులు, గుణింతాలు దిద్దించవచ్చు. పైసా ఖర్చు లేదు. ఇంట్లో ఒక్కరే పిల్లలైతే ఫోనులో అమ్మమ్మకు ఒక పేజీ చదివి వినిపించవచ్చు. తెలుగు మాట్లాడటం వచ్చి, చదవడం రాని అమ్మానాన్నలుంటే వాళ్లనే శిష్యులుగా చేర్చుకోండి. ఈ వేసవి సెలవుల్లో మీ వాచకాన్ని పక్కన పడేయకండి. దానికోసం మీ ఇంట్లోనే ఇంకొకరు ఎదురుచూస్తూ ఉండవచ్చు.