మూడు రూపాయల పంతులు

పదో తరగతి, ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో పల్నాటి పేద ఇళ్లలో ఒకటే తర్జనభర్జన. పిల్లవాణ్ణి ఇంకా చదివించడమా, పనిలో పెట్టడమా? పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో కూలి చేసే తండ్రికి, మాచర్లలో కుట్టుమిషను మీద సంసారం ఈదే తల్లికి ఇది చిన్న సమస్య కాదు. కాలేజీ అంటే ఫీజు ఒక్కటే కాదు. చదివినన్నాళ్లూ ఆ బిడ్డ సంపాదన ఇంటికి రాదు. ఆ లోటును భరించలేకనే ఎన్నో కుటుంబాలు చదువు మాన్పించేస్తున్నాయి. అలాంటి తల్లిదండ్రుల కోసం ఈ వారం మేము ఈ ప్రాంతంలోనే పుట్టిన ఒక పేద పిల్లవాడి జీవితాన్ని చెప్పదలిచాము. ఆయన ముస్లిం కాదు. అయినా ఫిరదౌసిని తెలుగువారి ఇంటి మనిషిని చేసిన కవి. ఆయనే గుర్రం జాషువా.

జాషువా గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. ఆ ఊరు నేడు నరసరావుపేట కేంద్రంగా ఉన్న పల్నాడు జిల్లాలో ఉంది. తండ్రి వీరయ్య యాదవ కులస్థులు, తల్లి లింగమ్మ మాదిగ కులస్థురాలు. వారిది క్రైస్తవ కుటుంబం. బడిలో అడుగుపెట్టిన నాటి నుంచే ఆ పిల్లవాడికి కష్టాలు మొదలయ్యాయి. తోటి పిల్లలు కులం పేరుతో హేళన చేసేవారు. పంతుళ్ల నుంచీ అవమానాలు తప్పలేదు. అతడు తలవంచేవాడు కాదు, తిరగబడేవాడు. చదువు మాత్రం వదల్లేదు.

అప్పటికి గుంటూరులో 1885 నుంచే ఆంధ్ర క్రైస్తవ కళాశాల ఉంది. కానీ వినుకొండ పేద పిల్లవాడికి గుంటూరు ఎంత దూరం! కాలేజీ తలుపు తట్టవలసిన వయసులో, 1910లో, ఆయనకు మేరీతో పెళ్లయింది. ఇల్లు గడవాలి. మిషనరీ పాఠశాలలో పంతులు పని దొరికింది. జీతం నెలకు మూడు రూపాయలు. కొంతకాలానికి అదీ పోయింది.

బతుకుతెరువు వెతుక్కుంటూ ఆయన రాజమండ్రి చేరారు. అవి మూకీ సినిమాల రోజులు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలబడి కథనూ మాటలనూ జనానికి చదివి చెప్పడానికి ఒక మనిషి కావాలి. 1915, 1916 సంవత్సరాల్లో జాషువా గారు ఆ పని చేశారు. తరువాత గుంటూరులో లూథరన్ మిషన్ వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ల పాటు పాఠాలు చెప్పారు.

కాలేజీ చదువు అందకపోయినా ఆయన నేర్చుకోవడం ఆపలేదు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి వద్ద కాళిదాసు కావ్యాలు చదువుకున్నారు. ఉభయభాషా ప్రవీణ పట్టా సంపాదించారు. 1928 నుంచి 1942 వరకు గుంటూరులోనే తెలుగు పండితుడిగా పనిచేశారు. ఆ కొలువులో చేరేనాటికి ఆయనకు ముప్ఫయి రెండేళ్లు దాటాయి. ప్రతిభ మొదటి నుంచీ ఉన్నదే. ఆ ప్రతిభకు తగిన చోటు దొరకడానికే ఇన్నేళ్లు పట్టింది.

ఆ ఉద్యోగంలో ఉండగానే 1932లో ఫిరదౌసి కావ్యం వెలువడింది. షానామా రాస్తే పద్యానికొక బంగారు నాణెం ఇస్తానన్న సుల్తాను మహమూదు చివరకు వెండి నాణేలతో సరిపెట్టాడని ప్రచారంలో ఉన్న కథే దానికి మూలం. కష్టానికి తగిన ఫలితం దక్కని బాధ మూడు రూపాయల పంతులుకు తెలియనిది కాదు. 1941లో గబ్బిలం వచ్చింది. ముంతాజ మహలును కూడా ఆయన కావ్యవస్తువుగా స్వీకరించారు. 1964లో శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో పద్మభూషణ్ అందుకున్నారు. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

ఈ జీవితం చదివి కాలేజీ లేకుండానే జాషువా అంతవాడయ్యాడు కదా, మన పిల్లలకు మాత్రం ఎందుకని ఎవరైనా అనుకుంటే అది పొరపాటని మేము మనవి చేస్తున్నాము. అదే తెలివి ఉండి, చేయి అందించేవారు లేక మరుగునపడిన పల్నాటి పిల్లల పేర్లు మనకు తెలియవు. పైకి వచ్చిన ఒక్కరి పేరే మనకు గుర్తుంది.

నరసరావుపేటలో ఎస్.ఎస్.ఎన్. కళాశాల 1950లో వెలిసేనాటికి జాషువా గారి వయసు యాభై దాటింది. నేడు అదే పట్టణంలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల కూడా ఉంది. అది 2016లో ఏర్పడింది. పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువుకు చేర్చుకునే నూజివీడు ట్రిపుల్ ఐటీ 2008లో ప్రారంభమైంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైందీ ఆ సంవత్సరమే. దాని పేరు తరువాత మారుతూ వచ్చింది. 2007 చట్టం ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం సీట్లు కేటాయించింది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మేరకు అది అమలవుతోంది. దూదేకుల సోదరులు బీసీ-బి కిందికి వస్తారు. తేడా తెలియక తప్పు దరఖాస్తు పెట్టవద్దు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు కౌన్సెలింగ్ నాటికి కాదు, పరీక్షలు రాసేనాటికే ఇంట్లో సిద్ధంగా ఉండాలి.

అయినా ప్రభుత్వం ఇచ్చేది ఫీజు వరకే అనుకోవాలి. బస్సు చార్జీ, పుస్తకాలు, ఇంటికి రాని కూలి డబ్బు మిగిలే ఉంటాయి. అక్కడే చాలా చదువులు ఆగిపోతాయి. ముఖ్యంగా ఆడపిల్లల చదువు. గురజాలలోనైనా మాచర్లలోనైనా నాలుగు రాళ్లు వెనకేసుకున్న వారు తమ వీధిలో ఒక్క బిడ్డ బస్సు ఖర్చు భరిస్తే, ఆ ఇంట్లో చదివించడమా మాన్పించడమా అన్న తర్జనభర్జనకు తావుండదు. ఈ ఫలితాల వేళ మీ వీధిలో చదువు ఆగిపోబోతున్న బిడ్డ ఎవరో ఒక్కసారి విచారించండి.