దీపనాటకశాల నిర్మాత – జేమ్స్ బర్బేజి

షేక్స్పియరు మహాకవి పేరు వినని పాఠకులు అరుదు. ఆతని నాటకములకు నిలువనీడ కల్పించిన జేమ్స్ బర్బేజి పేరు విన్నవారు కొలదిమంది. కవులను గూర్చి పండితులు వ్రాయుదురు. ఇల్లు కట్టినవానిని గూర్చి లెక్కలు వ్రాయువాడు నాలుగు మాటలు వ్రాయుట తప్పుగాదని తలచెదను.

బర్బేజి 1531 ప్రాంతమున జన్మించెను. ఆతనిది వడ్రంగవృత్తి. పిదప లెస్టరు ప్రభువు నాశ్రయించిన నటబృందమున చేరెను. ఆ కాలమున నటులు సత్రముల ముంగిళ్లలో ఆడుచుండిరి. ఈతడు 1576లో, కిరాణావర్తకుడగు బావమరిది జాన్ బ్రేన్ ధనసహాయమున, లండను పొలిమేర వెలుపల 21 ఏండ్ల కౌలునేలపై కర్రతో నాటకశాల కట్టించెను. రాబడి లెక్కలకై ఆ ఇరువురు న్యాయస్థానముల కెక్కిరి. శాల నడుమ కప్పు లేదు. పగటి వెలుతురే దీపము. వానయు చలియు ప్రేక్షకులకు తప్పవు.

కౌలు గడువు 1597 ఏప్రిలుతో తీరును. అందుచే 1596 ఫిబ్రవరిలో బర్బేజి నగరములోని బ్లాక్‌ఫ్రయర్స్ అను పూర్వపు సన్న్యాసిమఠమున ఒక భాగమును 600 పౌనులకు కొనెను. అందు 66 అడుగుల పొడవు, 46 అడుగుల వెడల్పు గల శాలను నాటకములకు సిద్ధపరచెను. కప్పు క్రింద, క్రొవ్వొత్తుల వెలుగున, చలికాలమునందును ఆడవచ్చునని ఆశ. కాని నవంబరులో ఇరుగుపొరుగువారు అర్జీ పెట్టిరి. జనసమ్మర్దము, అంటువ్యాధుల భయము, డప్పుల మ్రోత వారు చెప్పిన కారణములు. నటబృందమును పోషించు హన్స్‌డన్ ప్రభువే అందు చేవ్రాలు చేసెను! రాజమంత్రిసభ నాటకములను నిషేధించెను. సొమ్ము గోడలలో చిక్కినది, కౌలు తీరవచ్చినది. 1597 ఆరంభమున బర్బేజి కన్ను మూసెను. తాను కొన్న శాలలో తన బృందము ఆడగా ఆతడు చూడలేదు.

కుమారులు కత్‌బర్టు, రిచర్డులు పాతశాల కర్రను విప్పించి, థేమ్సు నది దాటించి, 1599లో గ్లోబు నాటకశాలను కట్టిరి. బ్లాక్‌ఫ్రయర్స్ శాలను 1600లో బాలనటుల కంపెనీకి అద్దెకిచ్చిరి. 1608లో అది మరల వారి బృందమునకు దక్కెను. భాగస్థులలో షేక్స్పియరు ఒకడు. అంకమునకు అంకమునకు నడుమ వత్తులు సవరించుచుండగా సంగీతము సాగెడిది. గ్లోబులో ఒక పెన్నీకి నిలుచుండి చూడవచ్చును. ఇచట కనిష్ఠపు వెల ఆరు పెన్నీలు. చలికాలపు రాబడి కిదియే ఆధారమయ్యెను. 1642లో పార్లమెంటు నాటకశాలలను మూయించెను. 1655లో ఈ శాలను పడగొట్టిరి.

2014 జనవరిలో లండనునందు క్రొవ్వొత్తుల వెలుగున ఆడు శాల యొకటి తెరువబడెను. అది బ్లాక్‌ఫ్రయర్స్‌కు నకలు గాదు. ఆ శతాబ్దపు చిత్రపటములను బట్టి కట్టినది. దానికి సామ్ వానమేకర్ పేరు పెట్టిరి. గ్లోబు పునర్నిర్మాణమునకై పాటుపడిన ఆ నటుడును పని ముగియకమునుపే 1993లో మరణించెను.

1597 నాటి చిట్టాలో బర్బేజి పద్దు కేవలము నష్టమే. కాని కొన్ని పద్దుల మొత్తము తరువాతి తరమువారు వేయవలసియుండును. మన గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ వేళ, తొలి అలమర నిలిపి, నేడు మన నడుమ లేని పెద్దలను ఈ దృష్టితో స్మరింతము.