రేడియోలో నేతాజీ

మన కోల్‌కతా మెట్రోలో నేతాజీ భవన్ స్టేషనుకు మొదట పెట్టిన పేరు భవానీపూర్. 1984 అక్టోబరు 24న దేశంలోనే మొట్టమొదటి మెట్రో రైలు ఎస్ప్లనేడ్‌లో బయలుదేరి ఇక్కడిదాకా వచ్చింది. తరువాత, దగ్గరలోనే ఉన్న ఒక ఇంటి పేరు స్టేషనుకు వచ్చింది. ఆ ఇల్లు ఎల్గిన్ రోడ్డులో ఉంది. రోడ్డుకు ఇప్పుడు లాలా లజపతి రాయ్ సరణి అని పేరు మార్చినా, జనం నోట ఎల్గిన్ రోడ్డే. 1909లో ఆ ఇల్లు కట్టించినవారు కటక్‌లో పేరున్న వకీలు జానకీనాథ్ బోసు. ఆయన పద్నాలుగుమంది పిల్లల్లో తొమ్మిదోవారు సుభాష్ చంద్రబోసు.

సుభాష్ బాబు జీవితం మీ పాఠాల్లో ఉంది కాబట్టి మొదటి భాగం త్వరగా చెప్పుకుందాం. 1897 జనవరి 23న కటక్‌లో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి 1916లో బహిష్కృతులయ్యారు, స్కాటిష్ చర్చ్ కాలేజీలో చదువు పూర్తి చేశారు, 1920లో ఐ.సి.ఎస్.లో నాలుగో స్థానం తెచ్చుకున్నారు, మరుసటి ఏడాదే ఆ ఉద్యోగం వద్దన్నారు. కలకత్తా మేయరయ్యారు, ఎన్నోసార్లు జైలుకు వెళ్ళారు. 1938లో కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. 1939లో రెండోసారి నిలబడినప్పుడు, గాంధీజీ మద్దతుతో పోటీ చేసినది మన మచిలీపట్నం డాక్టరుగారు, ఆంధ్రా బ్యాంకు స్థాపకులు భోగరాజు పట్టాభి సీతారామయ్య. బోసు రెండు వందల పైచిలుకు ఓట్ల తేడాతో గెలిచారు. కానీ గాంధీజీతో పొసగక కొద్ది నెలల్లోనే రాజీనామా చేశారు. ఈ మాట గుర్తుంచుకోండి. ముందు పనికొస్తుంది.

మేము చెప్పదలచినది ఆయన గొంతు గురించి. దానికి ఆనాటి రేడియో సంగతి కొంచెం తెలియాలి.

కలకత్తాలో రేడియో స్టేషను 1927 ఆగస్టు 26న గార్స్టిన్ ప్లేస్‌లో మొదలైంది. దాన్ని నడిపినది ప్రభుత్వం కాదు, ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ. రేడియో ఉన్న ప్రతి ఇల్లూ ఏడాదికి 10 రూపాయలు పెట్టి లైసెన్సు తీసుకోవాలి. అందులో వాటా, విదేశాల నుంచి వచ్చే సెట్ల మీద రుసుము, ఇవే కంపెనీ రాబడి. సెట్లు కొనగలిగినవారు బహు కొద్దిమంది. కొన్నవారిలో కొందరు లైసెన్సు ఊసే ఎత్తేవారు కాదు. మూడేళ్ళు తిరక్కుండా కంపెనీ మూతపడింది. 1930లో ప్రభుత్వం స్టేషన్లను తన చేతిలోకి తీసుకుంది, 1936లో ఆలిండియా రేడియో అని పేరు పెట్టింది. మన తెలుగువాళ్ళకు 1938 నుంచి మద్రాసు కేంద్రం వినిపించింది. 1933 నాటి వైర్‌లెస్ చట్టం ప్రకారం, ప్రసారం చేయడం మాట అటుంచి, లైసెన్సు లేకుండా వినే సెట్టు ఇంట్లో ఉంచుకున్నా నేరమే. రేడియోకు లైసెన్సు కట్టే అలవాటు 1980ల దాకా మన ఇళ్ళల్లో ఉంది. మీ తాతయ్యలను అడిగి చూడండి.

అంటే దేశంలో మైకు ఒక్కటే, అది ప్రభుత్వానిది. ప్రభుత్వంతో పోరాడేవారికి అది దొరికే వస్తువు కాదు. గాంధీజీ ఢిల్లీ రేడియో కేంద్రంలో అడుగుపెట్టి మాట్లాడినది జీవితంలో ఒక్కసారే, అదీ స్వాతంత్ర్యం వచ్చాక, 1947 నవంబరు 12న.

ఇక ఎల్గిన్ రోడ్డుకు వద్దాం. 1940 జూలైలో బోసును అరెస్టు చేశారు. జైల్లో నిరాహారదీక్ష మొదలుపెడితే, అక్కడే ప్రాణం పోతుందేమోనన్న భయంతో డిసెంబరులో ఇంటికి పంపి, ఇంటి చుట్టూ పోలీసులను కాపలా పెట్టారు. ఆయన గడ్డం పెంచారు. ఏకాంతంలో ఉంటానని, ఎవరినీ చూడనని గదిలో తెర కట్టించుకున్నారు. 1941 జనవరి 16 రాత్రి, అర్ధరాత్రి దాటాక, పఠాను వేషంలో మెట్లు దిగి జర్మనీ తయారీ వాండరర్ కారులో వెనుక కూర్చున్నారు. కారు నడిపినది అన్న శరత్ బోసు కొడుకు శిశిర్, ఇరవై ఏళ్ళ వైద్య విద్యార్థి. బాబాయి వెళ్ళాక కూడా ఆ గదిలో దీపం ఇంకో గంట వెలుగుతూ ఉండేలా చూసినది అన్న కూతురు ఇల. సంగతి తెలియని తల్లి ప్రభావతీదేవి అదే ఇంట్లో ఉన్నారు. ఆయన కనబడడం లేదని జనవరి 26న గానీ లోకానికి తెలియలేదు. ఆ కారు ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది.

గోమో స్టేషనులో కాల్కా మెయిలు ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి పెషావరు. పెషావరు దాటాక ఒక చిక్కు వచ్చింది. వేషం పఠానుది, భాష మాత్రం రాదు. నోరు తెరిస్తే దొరికిపోతారు. అందుకని వెంట ఉన్న భగత్ రామ్ తల్వార్, ఆయనను మూగ చెవిటి బంధువుగా చెప్పుకుంటూ కొండల మీదుగా కాబూలుకు చేర్చాడు. వేలమంది సభల్లో మాట్లాడిన మనిషి అన్ని రోజులు, ఇతరుల ముందు ఒక్క మాట లేకుండా గడిపారు. కాబూలులో ఆయనకు ఆశ్రయం ఇచ్చిన ఉత్తమ్ చంద్ మల్హోత్రా ఏం వ్యాపారం చేసేవారో తెలుసా? రేడియోల దుకాణం!

ఓర్లాండో మజ్జొట్టా అనే ఇటలీ పేరుతో పాస్‌పోర్టు సంపాదించి, మాస్కో మీదుగా 1941 ఏప్రిల్ 2న బెర్లిన్ చేరారు. ఆ ఏడాది నవంబరులో అక్కడ స్వతంత్ర భారత కేంద్రాన్ని తెరిచారు. దాని నుంచి పుట్టినదే ఆజాద్ హింద్ రేడియో. జర్మన్ల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో హ్యుజెన్ అనే చోట ఉన్న శక్తివంతమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మీటరు వారికి దొరికింది. మీడియం వేవ్ తరంగం నేలను పట్టుకుని కొంత దూరం పోయి నీరసపడుతుంది. షార్ట్‌వేవ్ అలా కాదు. పైకి వెళ్ళి, అయనోస్ఫియర్ పొరను తాకి మళ్ళీ కిందికి వంగుతుంది, అలా గంతులు వేస్తూ సముద్రాలు దాటుతుంది. విచిత్రమేమంటే, మన దేశంలో ఆ పొర మీద ప్రయోగాలు చేసి పేరు తెచ్చుకున్నవారు కలకత్తా విశ్వవిద్యాలయ ఆచార్యులు శిశిర్ కుమార్ మిత్రా. ఈయన వేరు, కారు నడిపిన శిశిర్ వేరు.

1942 ఫిబ్రవరి 15న సింగపూర్‌లో బ్రిటిషు సైన్యం లొంగిపోయింది. నాలుగు రోజుల తరువాత, 19వ తేదీన, ఆ రేడియోలో ఒక గొంతు తాను సుభాష్ చంద్రబోసునని చెప్పుకుంది. ఏడాది పైగా ఆయన బతికి ఉన్నారో లేదో తెలియని దేశానికి అదే జాబు. తలుపులు మూసుకుని, శబ్దం తగ్గించి, గరగరల మధ్య ముల్లు జాగ్రత్తగా తిప్పుతూ విన్నారు. అవతలి వైపు బి.బి.సి.లో భారతదేశానికి ప్రసారాలు తయారుచేస్తున్నవారిలో మన బీహారులోని మోతీహారిలో పుట్టిన రచయిత జార్జ్ ఆర్వెల్ కూడా ఉన్నారు.

నెల తిరిగిందో లేదో, మార్చి 24న పిడుగులాంటి వార్త వచ్చింది. జపాను వెళ్తుండగా విమాన ప్రమాదంలో బోసు మరణించారని వార్తాసంస్థ ప్రకటించింది. గాంధీజీ, అంత విభేదం ఉన్నా, ప్రభావతీదేవికి సంతాపం తెలుపుతూ తంతి పంపారు. మరునాడే ఆజాద్ హింద్ రేడియోలో బోసు మాట్లాడారు. తన మరణవార్త తప్పని తానే చెప్పారు. తన కొడుకు ప్రాణాలతో ఉన్నాడని ఆ తల్లికి ధైర్యం ఇచ్చినది సముద్రాల అవతలి నుంచి వచ్చిన ఆ గొంతే. గాంధీజీ మళ్ళీ సంతోషం తెలుపుతూ కబురు పంపారు.

ఆ రేడియోకు డబ్బు ఇచ్చినది హిట్లరు ప్రభుత్వం. యూదులను లక్షలకు లక్షలు చంపుతున్న ప్రభుత్వం అది. శత్రువు శత్రువు సాయం తీసుకోవడం తప్పు కాదని బోసు లెక్క వేసుకున్నారు. ఆ లెక్క ఒప్పేనని చెప్పడానికి మాకు నోరు రాదు, ఆయన దేశభక్తిని శంకించడానికీ రాదు. ఈ రెండింటినీ దాచకుండా మీ ముందు పెడుతున్నాం. మైకు ఎవరిదో దాన్ని బట్టి మాటకు ఎప్పుడూ కొంత ధర కట్టవలసి వస్తుంది. బోసు కట్టిన ధర చాలా పెద్దది.

అదే 1942 ఆగస్టులో బొంబాయిలో ఉషా మెహతా అనే ఇరవై రెండేళ్ళ యువతి, మిత్రులు కలిసి రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపారు. నవంబరులో పట్టుబడి జైలు పాలయ్యారు. పరాయి ప్రభుత్వం డబ్బు తీసుకోకుండా దేశంలోనే మాట్లాడినందుకు వారు కట్టిన ధర అది.

1943 ఫిబ్రవరి 8న బోసు కీల్ రేవులో జర్మన్ జలాంతర్గామి ఎక్కారు. భార్య ఎమిలీ, రెండు నెలల పసిపాప అనిత యూరపులోనే ఉండిపోయారు. వెంట వెళ్ళినది ఒక్కరే, మన హైదరాబాదు యువకుడు ఆబిద్ హసన్. జర్మనీలో ఇంజనీరింగు చదువుతూ చదువు మాని బోసు దగ్గర చేరినవాడు. ‘జై హింద్’ అనే పలకరింపును ఇచ్చినది అతడే అంటారు. మడగాస్కర్ దగ్గర నడిసముద్రంలో వారు జపాను జలాంతర్గామిలోకి మారారు. సుమారు మూడు నెలలు నీటి అడుగున మళ్ళీ మౌనం. జూన్‌లో టోక్యో రేడియోలో ఆయన గొంతు తిరిగి వినబడింది.

జూలైలో సింగపూర్‌లో ఆయన నాయకత్వం తీసుకున్నారు. అక్కడ కాథే భవనంలో రేడియో కేంద్రం ఉండేది. ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని అక్టోబరు 21న ప్రకటించినదీ ఆ భవనంలోనే. అయితే మాకు వాటన్నిటికంటే గుర్తుండేది ఆగస్టు నాటి ప్రసారం. అప్పుడు బెంగాలులో కరువు. ఈ భవానీపూర్ వీధుల్లోనే గంజి కోసం పల్లెజనం ఇంటింటికీ తిరుగుతున్నారు. బర్మా నుంచి లక్ష టన్నుల బియ్యం పంపుతానని, ఓడలు క్షేమంగా రానిస్తే చాలునని బోసు రేడియోలో చెప్పారు. ప్రభుత్వం స్పందించలేదు. ఆ బియ్యం నిజంగా చేరేదా అంటే, యుద్ధంలో ఓడలు దొరకడం సులభం కాదు. కానీ అడిగి చూసినవారే లేరు. ఆ డిసెంబరు చివర ప్రభావతీదేవి కన్నుమూశారు. కొడుకు అప్పుడు అండమాన్ దీవుల్లో ఉన్నారు.

1944 జూలై 6న రంగూన్ నుంచి ఆయన గాంధీజీని ఉద్దేశించి మాట్లాడారు. ఆ మేలోనే జైలు నుంచి విడుదలైన గాంధీజీ, అంతకు ముందు ఫిబ్రవరిలో కస్తూర్బాను పోగొట్టుకున్నారు. ఎవరితో పొసగక అధ్యక్షపదవి వదులుకున్నారో, ఆ గాంధీజీనే జాతిపిత అని పిలిచి ఆశీస్సు కోరారు.

1945 ఆగస్టు 23న జపాను వార్తాసంస్థ ఒక ప్రకటన చేసింది. 18వ తేదీన ఫార్మోసాలోని తైహోకు విమానాశ్రయంలో విమానం కూలి, కాలిన గాయాలతో బోసు మరణించారని. శరత్ బోసు అప్పుడు నీలగిరుల్లో కూనూరులో నిర్బంధంలో ఉండి, పత్రికలో చదివి తెలుసుకున్నారు. దేశం మాత్రం నమ్మలేదు. మూడేళ్ళ క్రితమూ ఇలాగే విమానం కూలిందన్నారు, మరునాడే ఆయన మాట్లాడారు కదా! ఎందరో రేడియోల దగ్గర కూర్చున్నారు. గాంధీజీ కూడా 1946 తొలినాళ్ళలో బోసు బతికే ఉన్నారని నమ్మి, మార్చి చివరకు ఆ అభిప్రాయం మార్చుకున్నారు. 1956లో ఒక కమిటీ, 1970ల్లో ఒక కమిషను ప్రమాదం నిజమేనన్నాయి. 2005లో పని ముగించిన మూడో కమిషను కాదంది, ప్రభుత్వం దాన్ని అంగీకరించలేదు. టోక్యోలోని రెంకోజీ ఆలయంలో ఆయనవని చెప్పే అస్థికలు 1945 సెప్టెంబరు నుంచి ఉన్నాయి. కూతురు అనిత, వాటిని ఇండియాకు తీసుకురమ్మని ఎన్నోసార్లు కోరారు.