గురి తప్పని వీరుడు

కెనడా దేశమునందలి ఒంటారియో రాష్ట్రమున జార్జియన్ అఖాతము కలదు. దాని తీరమున అనిషినాబే యను ఆదివాసి జాతివారు చిరకాలముగా నివసించుచున్నారు. ఫ్రాన్సిస్ పెగమగాబో ఈ జాతియందు 1890 ప్రాంతమున జన్మించెను. పసితనముననే తండ్రిని గోల్పోయి, తల్లికి దూరమై, షావనగా గ్రామమున తనవారి పోషణలో పెరిగెను. అలికిడి లేక మెలగుటయు, ఓర్పుతో వేచియుండుటయు వేటవలన నాతనికి అలవడెను.

1914లో మొదటి ప్రపంచ యుద్ధ మారంభమయ్యెను. ఆదివాసులను సైన్యమున చేర్చుకొనుటకు ప్రభుత్వము తొలుత ఇష్టపడలేదు. అయినను ఫ్రాన్సిస్ ఆగస్టు నెలలోనే సైనికుడై, మరుసటి యేడు ఐరోపా యుద్ధభూమికి చేరెను.

అచ్చట నాతడు లక్ష్యవేధిగా పేరుగాంచెను. రాత్రివేళ ఇరుసేనల కందకముల నడిమి నేలకు ప్రాకిపోయి, గంటలకొలది పొంచియుండెడివాడు. ఆతని గురికి 378 మంది శత్రుసైనికులు కూలిరని చెప్పుదురు. ఐనను ఆతనికి సైనిక పతకము లభించినది ఈ లెక్కను బట్టి గాదు. గుండ్లవానలో వార్తలను చేరవేసినందులకు 1916లో ఆ పతకము లభించెను. 1917 నవంబరులో పాషెండేల్ పోరున, దారి తెలియక చెదరిన సహాయదళమును సరియైన చోటికి చేర్చినందులకు రెండవసారి గౌరవము దక్కెను. 1918 ఆగస్టులో ఫ్రాన్సు దేశమునందలి స్కార్ప్ నది ప్రాంతమున ఆతని దళమునకు మందుగుండు దాదాపు నిండుకొనెను. శత్రువులు చుట్టుముట్టనుండిరి. ఫ్రాన్సిస్ తూటాల నడుమ బయలునకు పోయి మందుగుండు తెచ్చి, తనవారిని కాపాడెను. మూడవ గౌరవ మందులకే లభించెను.

1919లో ఆతడు స్వదేశమునకు మరలెను. రణరంగమున తోటివారికి సమానుడైన వీరునకు ఇంట సమానత్వము దొరకలేదు. ఆదివాసుల భూములను, ధనమును ప్రభుత్వ ప్రతినిధి యొకడు శాసించుచుండెను. 1921లో ప్యారీ ద్వీపవాసులు ఫ్రాన్సిస్‌ను తమ నాయకునిగా నెన్నుకొనిరి. తమ దీవులపై తమకు గల హక్కును గూర్చి యాతడు ప్రభుత్వమునకు లేఖలు వ్రాసెను. 1933లో అట్టి లేఖలన్నియు ప్రతినిధి ద్వారానే పోవలెనని యాజ్ఞ వెలువడెను. ఎవరిమీద ఫిర్యాదో, వారి చేతికే లేఖ నీయవలసి వచ్చెను. అయినను ఆతడు పట్టు విడువలేదు.

1952లో ఫ్రాన్సిస్ మరణించెను. మరి యెనిమిదేండ్లకు, 1960లో, ఆదివాసులందరకు తమ ప్రత్యేక హోదాను వదలుకొనకయే జాతీయ ఎన్నికలలో ఓటుహక్కు లభించెను. 2016లో ప్యారీ సౌండ్ పట్టణమున ఆతని కంచు విగ్రహము వెలసెను. యుద్ధము నాలుగేండ్లలో ముగిసెను. తనవారి హక్కులకై యాతడు సల్పిన పోరు మూడు దశాబ్దులు సాగెను. వేటయందలవడిన యోర్పు ఈ రెండింటను ఆతనికి తోడుగా నిలిచెను.